తలకిందులైన కొండలు

ఆ కాలంలో నేను బస్సును చదివేదాన్ని కాదు, వినేదాన్ని. పెనుకొండ బస్టాండులో నిలబడి, కండక్టరు "హిందూపురం, హిందూపురం" అని అరిచేదాకా కాలు కదిపేదాన్ని కాదు. జలుబు చేసి గొంతు పోయిన కండక్టరు పుణ్యాన ఒకసారి ధర్మవరం దాకా పోయి తిరిగొచ్చాను కూడా. అక్షరం రానివాళ్లకు లోకమంతా చీకటి అనుకుంటారు చదువుకున్నవాళ్లు. చీకటేమీ ఉండదు, అన్నీ బాగానే కనిపిస్తాయి. కాకపోతే పొద్దున లేచింది మొదలు నటించాలి. గోడ మీద రాత ముందు కాసేపు ఆగాలి, పెళ్లిపత్రిక ఇస్తే తల ఊపాలి, మందుసీసా చేతికిస్తే కనుబొమలు ముడవాలి. ఇప్పుడు నలభైకి చేరువలో చదువు వచ్చింది గనుక బస్సు ఎక్కితే దారి పొడుగునా బోర్డులన్నీ పైకి చదువుతాను. (పక్కన కూర్చున్నవాళ్లు సోమందేపల్లి వచ్చేసరికి వేరే సీటుకు పోతారు. పోనీ.) కానీ చదువు రాకముందు నేను నటించిన నటనలన్నిటిలోకీ పెద్దది హిందూపురం చొక్కాల ఫ్యాక్టరీలో నటించింది. ఆ నటన కూలిపోయిన రోజు నేను చూసిన మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యం తగ్గదు.

పందొమ్మిదో ఏట ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో నిలబడ్డాను. కిటికీలో కూర్చున్న గుమాస్తా "ఏం చదివినావు?" అని అడిగి రాసుకుంటున్నాడు. నా ముందు మోకాళ్ల దాకా జడ ఉన్న ఒకామె "టెంత్ పాస్ సార్" అంది. లోపలికి పంపించాడు. పని చేస్తున్న మంత్రాన్ని ఎవరైనా మారుస్తారా? నేనూ "టెంత్ పాస్ సార్" అన్నాను. సర్టిఫికెట్ రేపు తెస్తానన్నాను. ఆ రేపు రాలేదు, ఆయనా అడగలేదు. సంతకం మాత్రం మా పిన్నమ్మ నేర్పించి ఉంది. ముగ్గు వేసినట్టు వేసేదాన్ని. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటినుంచి వేయాల్సిందే.

అబద్ధానికి శిక్ష అప్పుడే పడింది. "టెంత్ కదా, సైజులు చదువుతావు. లేబుల్ మిషన్ మీద కూర్చో" అన్నారు. చొక్కా కాలరు కింద సైజు లేబుల్ పెట్టి కుట్టడం నా పని. ఇంగ్లీషు అక్షరాలు! దేవుడా అనుకుని వాటిని బాగా చూశాను. మెలిక తిరిగినదానికి పాము అని పేరు పెట్టుకున్నాను. పక్కపక్కన రెండు శిఖరాలున్నది కొండలు. (పెనుకొండ పిల్లను, కొండను గుర్తుపట్టలేనా?) వంగినది కొడవలి. దాని ముందు కత్తెర ఉంటే కత్తెర కొడవలి. చిన్న చొక్కాకు పాము, నడిమి చొక్కాకు కొండలు, పెద్దదానికి కొడవలి, ఇంకా పెద్దదానికి కత్తెర కొడవలి. ఏడాది పాటు ఒక్క తప్పు చేయలేదు. టెంత్ చదివినవాళ్లు కూడా ఇంత బాగా కుట్టలేరని నాకు కొంచెం గర్వం కూడా పట్టింది.

మా లైనులో ముప్పై మంది. ఒకరి వెనక ఒకరం కూర్చునేవాళ్లం. నా ముందు కూర్చునేది గేటు దగ్గర చూసిన జడక్కే, కాలర్లు కుట్టేది. ఏడాదిలో ఆమె జడ నాకు వెంట్రుక వెంట్రుకా తెలుసు, ముఖం ఎట్లా ఉంటుందో అడిగితే చెప్పలేను. ఎందుకంటే మాట్లాడితే గడియారమయ్య వస్తాడు. మా సూపర్‌వైజర్‌కు మేం పెట్టుకున్న పేరు అది. మెడలో గడియారం వేలాడుతూ ఉండేది, నిమిషానికి ఎన్ని కుట్టామో చూసేవాడు. చెడ్డవాడని అనను, ఆయన మీద ఆయన పైవాళ్ల గడియారం ఉండేది. అయితే ఆయన రాజ్యంలో ఒక మాట నిషేధం. అది "తెల్దు" అనే మాట. "తెల్దంటే గేటు ఆడుండాది చూడు" అనేవాడు. అందుకని ఏం చెప్పినా అందరం తల ఊపేవాళ్లం. ముప్పై తలలు ఒకేసారి ఊగితే గాలికి సజ్జచేను ఊగినట్టే ఉండేది. ఆ నెలల్లో ఫ్యాక్టరీ మొత్తం మీద వెనకబడ్డ లైను మాదే.

అట్లాంటప్పుడు కొత్త మేనేజరు వచ్చాడు. తుమకూరు వైపు మనిషి, బట్టతల, వదులు చొక్కా. మేనేజరంటే అద్దాల గదిలో కూర్చుని ఫోను మాట్లాడేవాడని మాకు తెలుసు. ఈయన మొదటి రోజే మిషన్ల మధ్యకు వచ్చి, ఒక్కొక్కరి ముందూ ఆగి, "ఏనమ్మా, ఊట ఆయితా?" అన్నాడు. మా పెనుకొండ వైపు ఊట అంటే బావిలో ఊరే నీళ్లు. బోరు గురించి అడుగుతున్నాడేమో అనుకుని "ఈ ఏడు వానల్లేవు సార్, ఎండిపోయింది" అని చెప్పాను. ఆయన బాధగా నా వైపు చూసి ముందుకు పోయాడు.

ఇస్త్రీ టేబులు దగ్గర పనిచేసే మడకశిరక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏమ్మే, ఊట అంటే కన్నడంలో భోజనం. అన్నం తింటివా అని అడుగుతాండాడు. నువ్వు వానల్లేక ఎండిపోయింది అంటివి. పస్తు ఉండావనుకున్నాడు పాపం!" అంది. ఆ మధ్యాహ్నం నా మిషను మీద రెండు అరటిపండ్లు ఉన్నాయి. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆయన పేరు ఊట సారు.

ఊట సారు తెలుగు సగం తెలుగు, సగం కన్నడం. రెండు కలిసినచోట ప్రమాదం. మూడో రోజు జడక్క పక్కన స్టూలు వేసుకుని కూర్చుని "అమ్మా, కాలర్ కుట్టేది నాకు తెల్దు. చెప్పి కొడతావా?" అన్నాడు. లైనంతా ఆగిపోయింది. జడక్క లేచి నిలబడి, "అయ్యో, మిమ్మల్ని నేను కొట్టేదేంది సార్! పిల్లలు గలదాన్ని!" అని ఏడుపు మొదలుపెట్టింది. మడకశిరక్క పరిగెత్తుకొచ్చి అర్థం చెప్పింది. కన్నడంలో "కొడు" అంటే ఇవ్వు. "హేళికొడు" అంటే నేర్పించు. దాన్ని ఆయన సొంతంగా తెలుగు చేసుకున్నాడు. విషయం తెలిసి ముందు ఆయనే నవ్వాడు. తర్వాత మేమూ నవ్వాం. ఆ లైను నవ్వడం అదే మొదటిసారి. నవ్వు ఎక్కడినుంచి వస్తోందో చూడడానికి జడక్క వెనక్కి తిరిగింది. ఏడాది తర్వాత ఆమె ముఖం చూశాను. బుగ్గ మీద సొట్ట ఉంది.

అందరూ నవ్వారు గానీ నేను మాత్రం ఇంకో మాట దగ్గర ఆగిపోయాను. మేనేజరు, అంత పెద్ద మనిషి, ముప్పై మంది ముందు "నాకు తెల్దు" అన్నాడు. పైకప్పు కూలలేదు. గేటు తెరుచుకోలేదు. ఆయన కుట్టిన కాలరు మాత్రం మేక చెవిలాగా వంకర వచ్చింది. దాన్ని అద్దాల గదిలో మేకుకు తగిలించుకున్నాడు.

అయినా భయం పోతుందా? ఆయన జేబులో ఒక చిన్న పుస్తకం ఉండేది. ఎవరితో మాట్లాడినా పక్కకు పోయి అందులో ఏదో రాసుకునేవాడు. "ఎవుర్ని తీసేసేదానికో రాసుకుంటాండాడు" అంది బటన్లవ్వ. (మా లైనులో అందరికంటే పెద్దామె, బటన్లు కుట్టేది.) నా దగ్గరికొచ్చి ఊరు, ఇల్లు, నాయన, అవ్వ అన్నీ అడిగి, "యే స్కూలమ్మా నీది?" అన్నాడు. "పెనుకొండలో సార్. కొండ కింద" అన్నాను. పెనుకొండలో కొండ కింద లేనిది ఏముంది! ఆయన నా మిషను మీది లేబుళ్ల డబ్బాల వైపు చూశాడు. గుర్తు కోసం వాటి మీద నేను సుద్దముక్కతో గీసుకున్న పాము, కొండలు, కొడవలి ఉన్నాయి. తల ఊపి, పక్కకు పోయి, పుస్తకంలో రాసుకున్నాడు. ఆ రోజు నేను తెచ్చుకున్న సంగటి అట్లాగే ఇంటికి తీసుకుపోయాను.

ఒక రోజు ఆ పుస్తకం కాలర్ల టేబులు మీద మరిచిపోయి వెళ్లాడు. భోజనాల వేళ అందరూ దాని చుట్టూ చేరారు. అందరమూ టెంత్ పాసే గానీ, ఆ రోజు ఒక్కొక్కరికి ఒక్కో అడ్డు వచ్చింది. ఒకామెకు కళ్ల మంట. ఇంకొకామె చెయ్యి ఎంగిలి. జడక్కకు తలనొప్పి. బటన్లవ్వ కళ్లద్దాలు ఇంట్లో మరిచింది. (ఆమెకు కళ్లద్దాలే లేవని తర్వాత తెలిసింది.) చివరికి "లేబుల్ పిల్లా, నువ్వు దినామూ చదువుతానే ఉంటావు కదా, నువ్వు చదువు" అని నా చేతిలో పెట్టారు. నేను తెరిచాను. ఒక పేజీ చూసి నిట్టూర్చాను. ఇంకో పేజీ చూసి తల అడ్డంగా ఊపాను. ఇంకెంతసేపు ఊపుతాను? "అందరి పేర్లూ ఉండాయక్కా. పేర్ల కింద గీతలు ఉండాయి. ఎక్కువ గీతలుండేటోళ్లు పోతారు" అన్నాను. ఇద్దరు ఏడ్చారు. ఒకామె టిఫిన్ డబ్బా మూసేసి ఊరికి పోతానని లేచింది.

అప్పుడే మడకశిరక్క చేతులు కడుక్కుని వచ్చింది. పుస్తకం చూసి, "ఏమ్మే, ఇది కన్నడం కదే!" అంది.

"కన్నడమని నాకూ తెలుసులే" అన్నాను వెంటనే. "అందుకే గీతల దాకానే అర్థమాయె."

ఆమె చదివి వినిపించింది. బటన్లవ్వకు ఎడమ చెవి వినపడదు, కుడివైపు నిలబడి మాట్లాడాలి. జడక్క చిన్నకూతురికి ఆయాసం, బేస్తవారం ఆసుపత్రి, ఆ రోజు ఆలస్యమైతే అడగకూడదు. గడియారమయ్యకు నడుమునొప్పి, రోజంతా నిలబడతాడు, కుర్చీ చూడాలి. ఒక్కొక్క పేజీ చదువుతుంటే ఎవరి పేజీ వాళ్లు బొమ్మల్లా నిలబడి విన్నారు. మన చెవి గురించి, మన నడుము గురించి ఒక మనిషి రాసిపెట్టుకున్నాడు! నా పేజీ దగ్గరికి వచ్చేసరికి మడకశిరక్క లోపల లోపల చదువుకుని, పుస్తకం మూసేసింది. "నీది ఖాళీ మే. ఇంకా ఏమీ రాయలేదు" అంది. అందరికీ రాసి నాకు రాయలేదే అని మొహం ముడుచుకున్నాను. ఎంత తెలివి నాది!

ఆ తర్వాత వారం లేబుళ్లు కొత్త చుట్టలు వచ్చాయి. పాము చుట్ట పూర్తి చేశాను, ఏమీ తేడా లేదు. కొండల చుట్ట విప్పి మిషను ఆపేశాను. కొండలు తలకిందులుగా ఉన్నాయి! శిఖరాలు కిందికి దిగి, రెండు బావుల్లాగా కనిపించాయి. డబ్బా కొండల డబ్బానే, చొక్కాలు కొండల సైజువే. లేబులు మీద మాత్రం బావులు. కొత్త అక్షరమేమో, దొరల చదువులో ఏవేవో ఉంటాయి అనుకున్నాను. అడుగుదామని జడక్క భుజం దాకా చెయ్యి చాచాను. "టెంత్ చదివినావు, ఇది తెల్దా" అంటే? చెయ్యి వెనక్కి తీసుకున్నాను. బావులే కుట్టాను. నాలుగు వందల చొక్కాలకు.

చుట్టలన్నీ అటు నుంచి కాక ఇటు నుంచి చుట్టి వచ్చాయంతే. పాము తలకిందులైనా పామే గనుక ఎవరికీ తెలియలేదు.

మధ్యాహ్నానికి చెకింగ్ టేబులు దగ్గర గోల. గడియారమయ్య ఒక చొక్కా పట్టుకుని జెండాలాగా ఊపుతూ వచ్చాడు. "డబ్ల్యూ! డబ్ల్యూ అంట! ఏం సైజుమే ఇది, వంకాయ సైజా? సాయంత్రానికి లారీ ఎక్కాల్సిన సరుకు! టెంత్ చదివినదానివి, ఎమ్‌కూ డబ్ల్యూకూ తేడా తెల్దా? కావాలని చేస్తివా?" మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వెనకే ఊట సారు వచ్చి నిలబడ్డాడు. నాకు రెండు దారులే కనిపించాయి. కావాలని చేశానంటే గేటు. చదువు రాదంటే ఏడాది కిందటి అబద్ధం బయటపడి అదే గేటు. ఆ గేటు అవతల మా ఊరి చెనిక్కాయ చేను, దాని మీద పడని వాన. మా నాయన ఆ ఏడు నా జీతం మీదే నిబ్బరంగా ఉన్నాడు. నోరు తెరిచాను. అబద్ధమే చెబుదామనుకున్నాను. కానీ ఎదురుగా ఊట సారు చొక్కా జేబులోంచి ఆ పుస్తకం కనిపించింది. ఏమైందో ఏమో, ఆయన భాషే నా నోట్లోంచి వచ్చింది.

"నాకు సదువు తెల్దు సార్. చెప్పి కొట్టండి."

ఎవరూ నవ్వలేదు. నా ముందు జడ కదిలింది. జడక్క లేచి నిలబడింది. "నాకూ రాదు సార్. గేటు కాడ ముందర నిలబడినామె టెంత్ అనె. నేనూ అంటి."

"ముందర నిలబడింది ఎవరు?" అన్నాడు గడియారమయ్య.

బటన్లవ్వ కుడి చెవి వైపు ఎవరో అరిచి చెప్పారు. ఆమె గడ్డం పైకెత్తి, "నేను అబద్ధం చెప్పలేదు నాయనా. ఎన్నోది అన్నారు, పదోది అంటి. మా యమ్మకు నేను పదో కాన్పు" అంది.

ఇంక ఆగుతుందా? ఈ మూల నుంచి ఒకామె "నాదీ అంతే సార్", ఆ మూల నుంచి ఇంకొకామె "నేను మూడు దాకా పోతి, అదీ మర్చిపోతి". లెక్క తేలింది. గేటు దగ్గర ఒకరి వెనక ఒకరు నిలబడి ముందున్న మనిషి అబద్ధాన్నే అందిపుచ్చుకున్నాం. లైనులో సగం మందికి అక్షరం రాదు. పక్కపక్కన ఏడాది కూర్చుని, ఎవరి భయం వాళ్లం పమిట కింద దాచుకుని, పక్కనున్నది పండితురాలని వణుకుతూ బతికాం. నిజంగా టెంత్ పాసైంది ఒక్క మడకశిరక్క. ఆమె ఇస్త్రీ పెట్టె పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వు ఇంత సదువుకుని ఇస్త్రీ కాడ ఏం చేస్తాండావమ్మా?" అన్నాడు గడియారమయ్య.

"కన్నడ సదువు ఈడ చెల్లదంట్రి కదప్పా" అంది ఆమె.

ఆయన గడియారం పట్టుకుని కాసేపు తిప్పాడు. "నాదీ టెంతు... ఫెయిలే. రెండుసార్లు" అని గొణిగాడు.

ఊట సారు ముఖం చూడడానికి ధైర్యం చాలలేదు. మాకు కనిపించింది ఆయన చెప్పులు. అవి విడిచి, ఆయన ఆ సిమెంటు నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. చొక్కాల కట్ట ఒకటి ఒళ్లోకి లాక్కున్నాడు. "లేబుల్‌కు పైన ఏది, కింద ఏది అని నేను చెప్పి కొట్టలేదు. తప్పు నాది" అన్నాడు. తర్వాత తలెత్తి, "అందరికీ ఊట ఆయితా? కాకపోతే మొదలు తినండి. ఆమేలె, తర్వాత కుట్లు విప్పుదాం" అన్నాడు.

నేను గుళ్లు చూశాను, కొండ మీది కోట చూశాను. అంత ఎత్తు మనిషి అంత కింద కూర్చోవడం మాత్రం అప్పుడే చూశాను. ముప్పై మందిమి చుట్టూ కూర్చున్నాం. గడియారమయ్య గడియారం తీసి అద్దాల గదిలో మేకుకు, ఆ మేక చెవి కాలరు పక్కన తగిలించి, నడుము పట్టుకుని కిందికి దిగాడు. అందరూ దారాలు విప్పారు. మడకశిరక్క ఒక్కో లేబులూ తిప్పి అందించింది, నేను కుట్టాను. నా అక్షరాల పేర్లు ఆ రోజు బయటపడ్డాయి. "కొండలు అందియ్యి మే", "కొడవలి కట్ట యాడ?" అంటూ సారుతో సహా అందరూ అదే భాష. లారీ ఎక్కింది. సాయంత్రం బస్సు కూడా అందింది.

మర్నాటి నుంచి "తెల్దు" అన్నవాళ్లకు సారు ఒక టీ తెప్పిస్తానన్నాడు. ఆయన అమాయకుడు. మొదటి రోజే మా లైను మీద టీలు వరదలయ్యాయి. "సార్, ఈ సూది పేరు తెల్దు." "సార్, ఈ పొద్దు ఏం వారమో తెల్దు." బటన్లవ్వ అయితే "సార్, నాకు టీ తాగాల్నో వద్దో తెల్దు" అంది. కానీ ఆ టీల మధ్యలో నిజమైన తెల్దులు కూడా వచ్చాయి. మిషను ఎందుకు దారం తెంపుతోందో, ఎవరికి ఏ పని చేతకావడం లేదో అప్పుడే తెలిసింది. మడకశిరక్కకు నా పక్కన కుర్చీ పడింది. రెండు మూడు నెలల్లో మా వెనక వేరే లైన్లు కనిపించసాగాయి. వెనక్కి తిరిగి చూస్తే ఎవరైనా ఉండడం ఎంత బాగుంటుందో!

రెండేళ్లకు ఊట సారు బదిలీ మీద వెళ్లిపోయాడు. నేను పెళ్లి చేసుకుని ధర్మవరం వచ్చాను. ఇప్పుడు పట్టుచీరలకు కుచ్చులు వేసే చిన్న గది ఉంది నాకు, ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. ముప్పై ఎనిమిదో ఏట మా పాప పక్కన కూర్చుని అ ఆలు దిద్దాను. కూతురి పెళ్లిచీరల కుచ్చుల కోసం మొన్న మడకశిరక్క వచ్చింది. మాటల్లో నవ్వి, "మే, ఆ పొద్దు నీ పేజీ ఖాళీ అంటి కదా. ఖాళీ కాదే" అంది. అందులో రెండు ముక్కలు ఉన్నాయట. *చదవడం రాదు. తానే చెప్పనీ.*

కొండ కింద స్కూలు అని చెప్పిన రోజే ఆయనకు తెలుసు! తెలిసీ అడగలేదు, తెలిసీ నా పని మార్చలేదు. నేను నోరు తెరిచేదాకా నా కోసం ఆగాడు. నాలుగు వందల చొక్కాలు తలకిందులైనా ఆ మాట బయటపెట్టలేదు. "తప్పు నాది" అన్నది మర్యాదకేమో అనుకున్నాను ఇన్నాళ్లూ.

పోయిన నెల కొత్తగా ఒకమ్మాయి పనికి వచ్చింది. ఏం చదివినావంటే రెప్ప వేయకుండా "డిగ్రీ" అంది. చీర మీది చీటీ చూడమంటే కళ్ల మంట అంది. నేను పక్కకు పోయి నా చిన్న పుస్తకం తీసి, నా వంకర అక్షరాలతో ఆమె పేజీలో ఒక మాట రాసుకున్నాను. ఏం రాశానో మీకు చెప్పక్కరలేదు.

నిన్న మా ఇంటాయనకు చొక్కా కొందామని బజారుకు పోయాను. ఎమ్ సైజు ఇచ్చారు. అలవాటు కొద్దీ కాలరు పట్టుకుని తలకిందులు చేసి చూశాను. కొండలు పోయి బావులు వచ్చాయి. వాటి అంచున నిలబడి, జడక్క భుజం దాకా చెయ్యి చాచి వెనక్కి తీసుకుంటున్న ఇరవయ్యేళ్ల పిల్ల కనిపించింది. పిచ్చిమొహం, అడిగితే పోయేదేముంది!

"ఏమక్కా, అంత సేపు ఏం చూస్తాండావు?" అన్నాడు అంగడాయన.

"బావి చూస్తాండాలేప్పా" అన్నాను. "ఊట ఉండాదా అని."